కొండల్లో టర్కీ వేట: 58 గజాల దగ్గర ఆగిన పుంజు, కాల్చవద్దన్న గైడు

గోదారిగట్టు
ఏప్రిల్ 23, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. వర్జీనియాలోని హైలాండ్ కౌంటీ కొండల్లో గైడుతో మూడు రోజుల అడవి టర్కీ కోళ్ల వేటకు వెళ్లి నిన్న సాయంత్రమే ఇల్లు చేరాను. ఈ రాష్ట్రంలో 12 ఏళ్లుగా ఉంటున్నా ఇదే నా మొదటి వేట. మనసులో ఒక ముల్లు దిగింది. తీయగలిగితే తీయండి, అది ముల్లే కాదంటే ఆ మాటైనా చెప్పండి.

మొదటి రెండు రోజులు వాన, గాలి. కొండ ఎక్కడం, తడవడం, దిగడం. మూడో రోజు గాలి పడిపోయింది. మసకచీకట్లో గైడు నోటితోనే గుడ్లగూబలా కూశాడు. ఆ కూత ముగియకముందే పైన ఓక్ చెట్లలోంచి పుంజు బదులిచ్చింది. సన్నమూతి కూజాను ఒక్కసారిగా బోర్లిస్తే నీళ్లు చేసే చప్పుడు తెలుసు కదా, అది కొండంతా వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గొర్రెల బీడు అంచున లావుపాటి చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాం. పాతిక గజాల ముందు ప్లాస్టిక్ పెట్టను నిలబెట్టాడు. అరచేతిలో ఇమిడే గుండ్రటి పలక మీద పుల్లతో గీస్తూ పెట్ట గొంతుతో పిలిచాడు. కాసేపటికి పుంజు బీడు అవతల కనిపించింది. పురి విప్పి, రెక్కల కొనలు గడ్డికి రాసుకుంటూ, అంగుళం అంగుళం జరుగుతూ వచ్చింది. తల ఒకసారి తెల్లగా, ఒకసారి నీలంగా, మెడ ఎప్పుడూ నెత్తురులా ఎర్రగా. వచ్చింది, వచ్చింది, ఆగిపోయింది. తుపాకీ నా మోకాలి మీదే ఉంది. గైడు నా చెవిలో "వద్దు" అన్నాడు. ఇరవై నిమిషాలు అక్కడే పచార్లు చేసి, పురి ముడుచుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తర్వాత దూరం కొలిచే పరికరంలో చూసి 58 గజాలన్నాడు. నా కంటికి 45 దాటదు. మూడు రోజులకు వెయ్యి డాలర్ల పైన పోసి, ఎదురుగా నిలబడ్డ పక్షిని కాల్చకుండా రావడం న్యాయమా?

పాతకాపు
ఏప్రిల్ 23, రాత్రి 11:05

న్యాయం సంగతి తర్వాత. మూడు విషయాలు చెప్పండి. ఏ తుపాకీ, ముందుగా కాగితం మీద కాల్పించాడా? మీకూ పుంజుకూ మధ్య నేల మీద ఏముంది? ఆ ఉదయం చెట్టు దగ్గర ఎన్ని గంటలకు కూర్చున్నారు?

మూడోదానికి నిజం చెప్పాలి.

తులసికోట
ఏప్రిల్ 24, ఉదయం 7:31

వసంతం అంటే గుడ్లు పెట్టే కాలం కదండీ. గూడు కట్టుకునే రోజుల్లో, అదీ పెళ్లాం గొంతు పెట్టి పిలిచి చంపడమేమిటి? నేను మాంసాహారినే, నీతులు చెప్పడం లేదు. అర్థం కాక అడుగుతున్నాను.

గోదారిగట్టు
ఏప్రిల్ 24, ఉదయం 8:02

పాతకాపు గారూ, తుపాకీ గైడుదే, 20 గేజి, ఒక్క తూటాలోంచి చాలా చిన్న గుండ్లు చిమ్మే రకం. వెళ్లిన రోజు సాయంత్రం టర్కీ తల బొమ్మ ఉన్న కాగితం మీద కాల్పించాడు. 40 గజాల దగ్గర తలలో, మెడలో కలిపి తొమ్మిది గుండ్లు. 50 దగ్గర రెండు.

మధ్యలో ఏమీ లేదు. ఖాళీ బీడు. ఆ, ఒక గొర్రెల కంచె ఉంది. గళ్ల తీగ, నడుము ఎత్తు. పుంజు దాని అవతలే తిరిగింది.

మూడోది... అనుకున్నదానికంటే కొంచెం ఆలస్యమైంది.

కందనకాయ
ఏప్రిల్ 24, ఉదయం 8:10

"కొంచెం" అంటే ఎంత సార్? మా ఇంట్లో కొంచెం అంటే గంటన్నర.

పాతకాపు
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:48

భోజనం ముందు పెట్టుకుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

గోదారిగట్టు గారూ, మీ జవాబు మీరే రాసేశారు. 50 గజాల దగ్గర రెండు గుండ్లు అన్నారు. 58 దగ్గర ఒకటి తగలవచ్చు, లేదా రెక్కలోనో పొట్టలోనో నాలుగు దిగవచ్చు. ఆ పక్షి ఎగిరి లోయ దాటి, రెండు రోజులకు ఏ పొద కిందో చస్తుంది. టర్కీని కాల్చేది తలకూ మెడకూ. పెద్ద పుంజు ఎనిమిది, తొమ్మిది కిలోలు తూగుతుంది, ఒళ్లంతా ఈకల కవచం. అందుకే గైడు ముందే కాగితం మీద కాల్పించాడు. తుపాకీ పనిచేస్తుందో లేదో చూడటానికి కాదు, మీకు ఎక్కడ ఆపాలో తనకు తెలియడానికి. ఇక బీడులో దూరం కంటికి అందదు. చెట్టూ చేమా లేని పచ్చటి వాలు మీద పురి విప్పిన పుంజు రెండింతలు కనిపిస్తుంది. నేను మొదటి ఏడాది 70 గజాలను 40 అనుకుని కాల్చాను. తగల్లేదు, నా అదృష్టం.

ఇప్పుడు కంచె. ప్రకృతిలో ఈ కాలంలో పుంజు ఎక్కువగా చోటు కదలదు. పురి విప్పి కూస్తుంది, పెట్టే దాని దగ్గరికి నడిచి వెళుతుంది. మనం చేసేది దానికి తలకిందులు: పెట్టలా పిలిచి పుంజునే రమ్మంటున్నాం. ఆ మాత్రం రావడమే గొప్ప. దారిలో కంచో, వాగో, ముళ్ల పొదో అడ్డం వచ్చిందనుకోండి, "నేను ఇంత దూరం వచ్చాను, మిగతా దూరం నువ్వు రా" అని నిలబడిపోతుంది. కావాలంటే ఒక్క ఎగురుకు దాటగలదు. దాటదు. అక్కడే పచార్లు చేస్తుంది, మీరు చూసినట్టే. పైగా మీ దీమం పెట్ట, అదే ఎరగా నిలబెట్టిన ప్లాస్టిక్ పెట్ట, దానికి కనిపిస్తూనే ఉంది. కనిపిస్తున్న పెట్ట ఎందుకు రావడం లేదని అనుమానం కూడా.

మీ గైడుకు ఈ సంగతి తెలియదంటారా? ఆ బీడు అతనికి ఇంటి పెరడు లాంటిది. చీకట్లోనే కంచె దాటించి మిమ్మల్ని పైన కూర్చోబెట్టాలనే అనుకుని ఉంటాడు. తెల్లారిపోతే దాటలేరు, చెట్టు మీది పక్షి చూసేస్తుంది. అందుకే అడిగాను, ఎన్ని గంటలకు?

గోదారిగట్టు
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1:20

ఒప్పుకుంటున్నాను. 4:30కి బండి దగ్గరికి రమ్మన్నాడు, 5:15కి వెళ్లాను. ముందు రాత్రి తెచ్చుకున్న పులిహోర, ఆవకాయ కొండ చలికి రెట్టింపు లాగించాను. తెల్లవారుజామున కడుపు ఊరుకోలేదు. అతను ఏమీ అనలేదు. కంచె దగ్గర ఆగి తూర్పు వైపు చూసి, తల అడ్డంగా ఊపి, ఇటువైపు చెట్టు చూపించాడు. ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది.

కందనకాయ
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1:24

వెయ్యి డాలర్ల పులిహోర.

రిచ్‌మండ్‌వాసి
ఏప్రిల్ 24, సాయంత్రం 6:15

తులసికోట గారి ప్రశ్నను అందరూ దాటేశారు, నేను ప్రయత్నిస్తాను.

వసంతంలో ఇక్కడ అనుమతి గడ్డం ఉన్న టర్కీకే. గడ్డం అంటే రొమ్ము మీంచి వేలాడే గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు. అది పుంజుకు ఉంటుంది. అరుదుగా పెట్టకూ ఉంటుంది, చట్టం ఒప్పుకున్నా తెలిసినవాళ్లు దాన్ని వదిలేస్తారు. ఒక పుంజు చాలా పెట్టలతో జత కడుతుంది. పొదిగేది, పిల్లల్ని తిప్పేది పెట్ట ఒక్కటే. పది, పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు నేల మీది గూట్లో కూర్చుంటుంది. పుంజుకు ఆ సంసారంలో పని లేదు. అందుకే జతకట్టడం చాలా వరకు అయ్యేలా చూసి సీజన్ తెరుస్తారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో అన్న చర్చ నిజంగానే ఉంది. టెన్నెసీ 2023లో సీజన్‌ను రెండు వారాలు ఆలస్యంగా తెరిచింది.

ఇంకో మాట. గత శతాబ్దం మొదటి భాగంలో ఈ దేశం మొత్తం మీద అడవి టర్కీలు సుమారు 2 లక్షలకు పడిపోయాయి. అడవులు నరికి, ఏడాది పొడవునా కాల్చి తిన్నారు. ఫారాల్లో పెంచి వదిలినవి బతకలేదు. 1950ల నుంచి ఫిరంగిలా పేల్చి విసిరే వలలతో అడవి పక్షులనే పట్టి, లేని చోట్లకు తరలించాకే నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు పదుల లక్షల్లో ఉన్నాయి. ఆ పనికి డబ్బు ఎక్కువగా వేట లైసెన్సుల నుంచి, 1937 చట్టం దీనికి కేటాయించిన తుపాకులు, తూటాల మీది పన్ను నుంచి వచ్చింది. పొడుగు తుపాకుల మీద అది 11 శాతం. చంపేవాళ్ల డబ్బుతోనే బతికాయనడం వినడానికి విడ్డూరంగానే ఉంటుంది, నాకూ అలాగే ఉంది.

తులసికోట
ఏప్రిల్ 24, రాత్రి 8:44

ఓపికగా చెప్పినందుకు ధన్యవాదాలు. పుంజుకు ఆ సంసారంలో పని లేదన్న వాక్యం మా ఆయనకు చదివి వినిపించాను. ఆడగొంతుతో మోసం చేయడం మాత్రం నాకింకా నచ్చలేదు.

మొక్కజొన్నపొత్తు
ఏప్రిల్ 25, ఉదయం 9:17

ఒక ముఖ్యమైన సందేహం. నేను హెచ్1బి మీద ఉన్నాను. ఇలాంటి గైడు వేటకు వెళ్లవచ్చా? తుపాకీ నాది కాదు, గైడు ఇచ్చేదే కదా.

రిచ్‌మండ్‌వాసి
ఏప్రిల్ 25, ఉదయం 11:02

ఇక్కడ జాగ్రత్త. తుపాకీ ఎవరిదన్నది కాదు ప్రశ్న, అది మీ చేతిలో ఉందా లేదా అన్నది. హెచ్1బి, ఎల్1, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనకు పనికొచ్చేది: ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు మీ దగ్గర ఉండటం. అంటే ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోవడం. "సరదాగా కాగితం మీద ఒకసారి కాలుద్దాం" అని లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా చిక్కే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. కాగితాలు దాఖలై ఎదురుచూస్తున్నవారు వలస న్యాయవాదిని అడిగాకే అడుగు వేయండి. ఇంత కష్టపడి తెచ్చుకున్న వీసాను ఒక కోడి కోసం పోగొట్టుకోవద్దు.

మొదటిసారి లైసెన్సు తీసుకునేవారికి వేట శిక్షణ తరగతి ఉంటుంది. వర్జీనియాలో టర్కీకి, జింకకు కలిపి వేరే లైసెన్సు కూడా కొనాలి. జాతీయ అడవిలో తిరగాలంటే దానికో పర్మిట్.

ఖమ్మం_కౌజు
ఏప్రిల్ 25, రాత్రి 10:30

నేను ఖమ్మం నుంచి చదువుతున్నాను. పలక, పుల్ల, దీమం అంటుంటే మా తాత గుర్తొచ్చాడు. పెంపుడు కౌజును వెదురు పంజరంలో పెట్టి, మీద గుడ్డ కప్పి, వేకువన చేను గట్టు మీద దించేవాడు. అది కూస్తే అడవి కౌజు పోట్లాటకు వచ్చేది, చుట్టూ పన్నిన ఉచ్చుల్లో పడేది. మీది ఆడగొంతు, మాది పగవాడి గొంతు, తేడా అంతే. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అదంతా నేరం. పంజరం మాత్రం ఇప్పటికీ మా అటక మీద ఉంది, మా అమ్మ అందులో ఉల్లిపాయలు పోస్తుంది.

ఇక్కడ టర్కీ కోళ్లు ఫారాల్లో పెంచుతున్నారు. మనుషుల్ని చూస్తే మీదికి వస్తాయి. అడవివి నిజంగా అంత తెలివైనవా?

పాతకాపు
ఏప్రిల్ 26, ఉదయం 6:50

తెలివి అనను, భయం అంటాను. దానికి వాసన అంతగా తెలియదు. కానీ తల కొంచెం తిప్పితే చుట్టూ అంతా కనిపిస్తుంది, రంగులు తెలుస్తాయి, రెప్ప కదిలినా పసిగడుతుంది. చెట్టు మొదట్లో మూడు గంటలు కదలకుండా కూర్చోవడమే అసలు వేట. మన వాళ్లకు కూర్చోవడం వచ్చు, కాలు ఊపకుండా కూర్చోవడం రాదు.

రంగుల సంగతి వచ్చింది కాబట్టి కొత్తవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఎరుపు, తెలుపు, నీలం ఏ గుడ్డ మీదా ఉండకూడదు, లోపలి బనీను, జేబురుమాలుతో సహా. అవి పుంజు తల రంగులు. పొదల్లో మెరిస్తే ఇంకో వేటగాడు మిమ్మల్నే కాల్చగలడు. భుజాల కంటే వెడల్పైన చెట్టుకే ఆనుకోవాలి. కూత వినపడిందని దాని వైపు పాకుతూ వెళ్లకూడదు, అది కూసేది పక్షి కాకపోవచ్చు. కొట్టిన పక్షిని నారింజ రంగు గుడ్డలో చుట్టుకునే మోయాలి.

వేప‌చెట్టు_నీడ
ఏప్రిల్ 26, ఉదయం 9:25

పిడుదులు (కుక్క గోమార్లు అంటాం మా ఊళ్లో) గురించి ఎవరూ చెప్పలేదేమిటి? ఏప్రిల్, మే నెలల్లో ఆ గడ్డిలో కూర్చుంటే ఒంటి మీదకు ఎక్కుతాయి. అవి కుడితే వచ్చేది లైమ్ జ్వరం ఒకటే కాదు. వీపు మీద తెల్ల చుక్క ఉండే ఒక రకం కుడితే కొందరికి మేక, గొర్రె, పంది, ఆవు మాంసం ఏదీ పడకుండా పోతుంది. తిన్న నాలుగైదు గంటలకు ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. ఆ జబ్బు గుట్టు తెలిసింది వర్జీనియా విశ్వవిద్యాలయంలోనే. కోడికి, చేపకు ఇబ్బంది లేదు. మా బాబాయి గారికి వచ్చింది. పెళ్లిలో మటన్ బిర్యానీ పక్కన కూర్చుని పెరుగన్నం తింటున్నారు, చూడలేం. బట్టలకు పర్మెత్రిన్ మందు ముందురోజే కొట్టి ఆరబెట్టుకోండి.

గోదారిగట్టు
ఏప్రిల్ 26, ఉదయం 9:40

ఇప్పుడే చొక్కా విప్పి అద్దం ముందు నిలబడ్డాను. ఏమీ లేవు.

చరిత్రపిచ్చి
ఏప్రిల్ 27, రాత్రి 11:58

దారి తప్పిస్తున్నానేమో. మెక్సికో పక్షికి ఇంగ్లీషువాళ్లు టర్కీ దేశం పేరు పెడితే, టర్కీ వాళ్లు దాన్ని "హిందీ" అంటారు, మన దేశం నుంచి వచ్చిందని. మన దగ్గరకు అది గోవా నుంచి వచ్చింది. 1612లో జహంగీర్ దాన్ని చూసి ముచ్చటపడి ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. తల రంగులు ఉన్నవి ఉన్నట్టు దించాడు మహానుభావుడు. ఎవరి పక్షో ఎవరూ ఒప్పుకోలేదు పాపం.

గోదారిగట్టు
మే 14, రాత్రి 9:33

మళ్లీ నేనే. చాలామంది ఏమైందని అడిగారు.

మీ మాటలు చదివాక గైడుకు సందేశం పెట్టాను. ఆలస్యం నాదే, మిమ్మల్ని తప్పుపట్టాను, క్షమించండి అని. అతను ఆ సంగతే ఎత్తలేదు. రెండు రోజులు వానకు పోయాయి కాబట్టి మే రెండో వారంలో ఒక ఉదయం ఊరికే తీసుకెళతాను రమ్మన్నాడు. ముందు రోజు సాయంత్రం ఇంటర్‌స్టేట్ 81 మీదుగా స్టాంటన్ చేరి, 250వ నంబరు రోడ్డు మీద షెనండోవా పర్వతం ఎక్కాను. అక్కడి నుంచి ఫోనుకు ప్రాణం పోతుంది. గ్రీన్ బ్యాంక్ రేడియో దూరదర్శిని కోసం 1958లో పెట్టిన నిశ్శబ్ద మండలంలోకి (రేడియో తరంగాలకు పరిమితి ఉన్న ప్రాంతం) ఈ కౌంటీ కూడా వస్తుందట. రాత్రి భోజనం పెరుగన్నం మాత్రమే.

4:10కే బండి దగ్గర నిలబడ్డాను. చీకట్లో కంచె దాటాం, అతను తీగను కాలితో అణిచిపట్టాడు, నేను తుపాకీ అతనికిచ్చి దాటాను. కంచె పుణ్యమా అని పుంజు వచ్చిందని రాస్తే కథ బాగుంటుంది. రాలేదు. చెట్టు మీద రెండుసార్లు కూసి, దిగి, అవతలి లోయలోకి పెట్టల వెంట వెళ్లిపోయింది. తర్వాత నాలుగు గంటలు ఏమీ లేదు. కింద చల్లటి నేల, ఎడమ కాలు మొద్దుబారింది, ముక్కు మీద చీమ నడిచింది. గైడు అరగంటకోసారి పలక మీద రెండు గీతలు గీసి ఊరుకుంటున్నాడు. నాకు కునుకు పట్టింది కూడా.

10:40 ప్రాంతంలో దూరంగా ఎవరో డప్పును వేలితో ఒక్కసారి తట్టినట్టు చప్పుడు. వినిపించిందా, ఛాతీలో తగిలిందా చెప్పలేను. గైడు వేళ్లు నా మోచేతి మీద బిగిశాయి. కూత లేదు, పిలుపు లేదు, కుడివైపు ఫెర్న్ మొక్కల్లోంచి రెండు పుంజులు నడుచుకుంటూ వచ్చేశాయి. ముందున్నదానికి నేను తుపాకీ తిప్పలేను, తిప్పితే చూస్తుంది. అది చెట్టు వెనక్కి వెళ్లింది. రెండోది మెడ చాచి మా దీమాన్ని చూసింది. గైడు "ఇప్పుడు" అన్నాడు.

33 అడుగులేశాను దాని దగ్గరికి. అడుగులే, గజాలు కావు, చేతులు వణుకుతుంటే కొలిచే పరికరం ఎవరు పట్టుకుంటారు. ఈకలు నల్లగా ఉంటాయనుకున్నాను. ఎండ పడితే రాగి, పచ్చ, ఊదా, నీళ్ల మీద నూనె పోసినట్టు. కాలి వెనక ముల్లు అంగుళానికి కాస్త తక్కువ. గైడు దాన్ని బొటనవేలితో రుద్ది మూడేళ్లదై ఉండవచ్చన్నాడు. 19 పౌండ్లు. తల రంగు నా కళ్ల ముందే వెలిసిపోయింది, ఎరుపు ముందు పోయింది, నీలం చివరిదాకా ఉంది. కాసేపు మాట్లాడలేదు నేను. కొండ దిగి, సిగ్నల్ దొరికిన చోట కొట్టిన పక్షి వివరాలు ఫోనులో నమోదు చేశాను.

పాతకాపు
మే 14, రాత్రి 10:01

శుభం. చివరి వారాల పుంజులు అలాగే నోరెత్తకుండా వస్తాయి. కునుకు సంగతి గైడుకు తెలిసిందా?

గోదారిగట్టు
మే 14, రాత్రి 10:06

గురక పెట్టానట.

తులసికోట
మే 15, ఉదయం 7:20

తల రంగు గురించి రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. సరే, వండారా? ఎలా?

గోదారిగట్టు
మే 15, మధ్యాహ్నం 12:30

రొమ్ము ముక్కలు సన్నగా కోసి, పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి ఒక రాత్రి ఉంచి వేపుడు చేశాం. కొవ్వు లేదు, రెండు నిమిషాలు ఎక్కువైతే చెక్కే, కాబట్టి పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. కాళ్లు మాత్రం పరుగెత్తి పరుగెత్తి తాళ్లయ్యాయి. నాటుకోడి పులుసు పద్ధతిలో గసగసాలు, ఎండుకొబ్బరి నూరి పోసి కుక్కరు పెడితే ఏడు విజిళ్లకు లొంగలేదు, పన్నెండుకు లొంగింది. కాళ్ల మాంసంలో సన్నటి నరాలు పుల్లల్లా ఉంటాయి, పిల్లలకు ఏరి పెట్టాలి.

కందనకాయ
మే 15, మధ్యాహ్నం 12:34

అసలు విషయం చెప్పరేమిటి? కందనకాయ ఏం చేశారు?

గోదారిగట్టు
మే 15, మధ్యాహ్నం 12:41

గైడు పేగులతో పాటు పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నా పిడికిలంత ఉంది. కోస్తే లోపల ఓక్ గింజల ముక్కలు, రెండు గులకరాళ్లు. రాళ్లు మా అబ్బాయి దాచుకున్నాడు, మిగతాది మిరియాలతో నేనొక్కడినే తిన్నాను.